తుప్పు పట్టని కత్తి

కెమిలో నవంబరు మధ్యాహ్నం మూడింటికే
ఎవరో ఊదేసినట్టు ఊరు ఆరిపోతుంది.
గురువారం, డ్యూటీ దిగి
అంబులెన్సు తాళాలు కొక్కేనికి తగిలించి
బూట్ల మంచు దులుపుకుంటూ
లైబ్రరీ నేలమాళిగలోకి దిగుతాను.
బల్ల మీద ఫ్లాస్కులో కాఫీ, యాలకుల బన్నులు,
ఇరవై ముఖాల పాచిక,
ఓయివా గీసిన మ్యాపు:
కోట, అడవి, ఏరు, అన్నీ బూడిదరంగు పెన్సిలే.

ఓయివా మంచివాడు.
కాగితం మిల్లు మూతపడి తన ఉద్యోగం పోయినా
ఎవరి పడవ ఇంజను మొరాయించినా పోయి బాగుచేసి
కాఫీ మాత్రమే తాగి వస్తాడు.
కథ మొదలెడితే మాత్రం
రాజు లంచగొండి, పూజారి హంతకుడు,
దారి చూపిస్తానన్న పిల్లాడు
మూడో మలుపులో మమ్మల్ని అమ్మేస్తాడు.
బావిలో శవం.
ఎప్పుడూ బావిలో ఒక శవం.
పుండు చీము పడుతుందా లేదా తేల్చడానికి
వంద వరసల పట్టిక.
"జీవితం ఇలాగే ఉంటుంది, సైమీ" అంటాడు.

ఆ పట్టిక నాకెందుకు ఓయివా?
నాకది కంఠతా వచ్చు.

ఈ పొద్దున టోర్నియో దారిలో
ఒక కారు మంచు మీద జారి చెట్టును గుద్దుకుంది.
ఇరుక్కున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని
అరగంట మోకాళ్ళ మీద కూర్చున్నాను.
ఆయన అడిగింది ఒక్కటే: కుక్క ఏదీ?
బాగానే ఉందన్నాను.
తెరుచుకున్న వెనక తలుపు,
చెట్లలోకి పోయిన అడుగుల గుర్తులు,
అంతే నేను చూసింది.

అందుకే ఇవాళ కథ నేను చెబుతానన్నాను.
ఉర్హో నవ్వాడు, "చిన్నపిల్లల కథా?" అని.
వాడికి పందొమ్మిదేళ్ళు, నల్ల చొక్కా,
విషాదం ఇంకా అద్దెకు తెచ్చుకునే వయసు.
అవును నాయనా, అదే.
అనగనగా అంటే అనగనగానే.
నా డ్రాగన్ ఎర్రగా ఉంటుంది, చెడ్డది,
దానికి బాధాకరమైన బాల్యమేమీ లేదు.
నా కత్తి చీకట్లో వెలుగుతుంది,
తుప్పు పట్టదు, ఎవరు పట్టిందీ మరిచిపోదు.
ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంటుంది.
బావిలో నీళ్ళుంటాయి.

శవాన్ని బావిలో పడెయ్యడానికి ఎంతసేపు?
తియ్యటి నీళ్ళు తోడి చూడండి,
బల్ల చుట్టూ ఐదుగురు
నవ్వకుండా తాగేట్టు.
చేతులు నొప్పి పుడతాయి.

తొమ్మిదిన్నరకి డ్రాగన్ గుహ అంటుకుంది.
లోపల ఒక కుక్క.
కథలో దాన్ని ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు.
హిల్లా విలుకత్తె వెనక్కి తగ్గింది, ఉర్హో లెక్కలు వేస్తున్నాడు.
ఆరేళ్ళలో ఒక్క ప్రాణాన్నీ కాపాడని ఓయివా
"నేను పోతా" అన్నాడు.
పాచిక దొర్లి కప్పుకు తగిలి ఆగింది.
మూడు.
"రూలు ప్రకారం ఇద్దరం పోయాం" అన్నాడు మెల్లగా,
పట్టిక తీయబోతూ.
"మూడంటే నీ చెయ్యి కాలుతుంది.
కుక్క బతుకుతుంది."
"అలాంటి రూలు లేదు."
"ఇప్పుడే పెట్టాను."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
ఫ్రిజ్ గుర్రుమంది.
ఓయివా మ్యాపు ముందుకు లాక్కుని
పసుపు పెన్సిలు ఉందా అని హిల్లాని అడిగాడు.

బయట మంచు తోసే బండి వీధి చివర మూలుగుతోంది.
చీకటి ఎక్కడికీ పోలేదు, పోదు,
జనవరి దాకా ఇక్కడే దాని కాపురం.
దాన్ని మళ్ళీ పిలిచి పీట వెయ్యడమెందుకని,
అంతే నా గోల.

రేపు మళ్ళీ పొద్దుటి డ్యూటీ.
టోర్నియో దారిలో
ఆ చెట్ల దగ్గర కాసేపు బండి ఆపి
ఈల వేసి చూడాలి.